ఓడల మీద గీసిన మొక్కలు, జంతువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త తీరాలు వెతుక్కుంటూ యూరప్ నుంచి బయలుదేరిన ఓడల్లో గీసిన మొక్కల, పక్షుల, చేపల బొమ్మలు ఇప్పుడు క్యాలెండర్ల మీద, కప్పుల మీద, హోటల్ గోడల మీద కనిపిస్తున్నాయి. చాలామంది బాగున్నాయనుకుని దాటిపోతారు, కొందరు మాత్రం ఆగి ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకి జవాబులివి. ఏ బొమ్మ ముందు నిలబడ్డా నేను మొదట వెతికేది ఒకటే: గీసిన మనిషి దేన్ని చూసి గీశారు? ప్రాణంతో ఉన్నదాన్నా, చచ్చినదాన్నా, ఎండిన తోలునా, లేక ఎవరో చెప్పగా విన్నదాన్నా? ఇది తెలిస్తే బొమ్మ గురించి సగం తెలిసినట్టే.

అసలు ఓడలో చిత్రకారుడికి ఏం పని?

మొక్కని కాగితాల మధ్య నొక్కి ఆరబెడితే ఆకు ఆకారం నిలుస్తుంది కానీ పువ్వు రంగు పోయి గోధుమ రంగులోకి తిరుగుతుంది. చేప ఇంకా ఘోరం, నీళ్ళలోంచి తీసిన కాసేపటికే రంగు మారిపోతుంది, సారాలో వేసి సీసాలో పెడితే కొన్నాళ్ళకి అన్ని చేపలూ ఒకే పాలిపోయిన రంగులో ఉంటాయి. జెల్లీ చేపలైతే ఆకారం కూడా మిగలదు. ఫోటోలు లేని కాలం అది. కాబట్టి రంగు, నిలబడే తీరు, కంటి చుట్టూ ఉన్న వలయం లాంటివి అక్కడికక్కడ చేత్తో ఎక్కించుకోకపోతే ఇక ఎప్పటికీ దొరకవు. యూరప్‌లో కూర్చున్న శాస్త్రవేత్త చేతికి మూడేళ్ళ తర్వాత ఎండిన రెమ్మ, దానితోపాటు ఒక బొమ్మ అందేవి. ఆ రెండూ కలిపి చూసి పేరు పెట్టేవాడు.

సిడ్నీ పార్కిన్‌సన్ పేరు ఎక్కడ చూసినా వస్తుంది, ఎవరాయన?

ఎడిన్‌బరోలో పుట్టిన కుర్రాడు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందినవాడు. 1768లో ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ నాయకత్వంలో ఎండెవర్ ఓడ బయలుదేరినప్పుడు అందులో జోసెఫ్ బ్యాంక్స్ అనే పాతికేళ్ళ సంపన్నుడు సొంత డబ్బుతో ఒక బృందాన్ని తీసుకెళ్ళాడు. వృక్షశాస్త్రానికి డానియెల్ సొలాండర్, మొక్కలూ జంతువులూ గీయడానికి పార్కిన్‌సన్, మనుషుల్నీ తీరాల్నీ గీయడానికి అలెగ్జాండర్ బకన్. బకన్‌కి మూర్ఛ జబ్బు ఉండేది, 1769 ఏప్రిల్‌లో తాహితి చేరిన కొన్ని రోజులకే చనిపోయాడు. దాంతో ఆయన పని కూడా చాలావరకు పార్కిన్‌సన్ మీద పడింది. బ్యాంక్స్ దగ్గర కార్యదర్శిగా ఉన్న హర్మన్ స్పోరింగ్ కొంత సాయం చేశాడు, ఆయన కూడా చక్కగా గీసేవాడు.

మూడేళ్ళు కూడా నిండకుండా పార్కిన్‌సన్ గీసినవి తొమ్మిది వందలకి పైనే. అయితే ఆయన ఇల్లు చేరలేదు. ఓడ మరమ్మతుకి బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఆగినప్పుడు జ్వరాలూ రక్త విరేచనాలూ అంటుకున్నాయి. తిరుగు ప్రయాణంలో హిందూ మహాసముద్రం మీద 1771 జనవరి 26న చనిపోయాడు. అదే నెలలో స్పోరింగ్ కూడా పోయాడు. అంటే ఆ ఓడ ఎక్కిన చిత్రకారుల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. పార్కిన్‌సన్ గీసిన తాహితి సీమపనస బొమ్మ చూడండి, పండు మీది గరుకు కూడా చేతికి తగిలేలా ఉంటుంది. గీసిన మనిషికి అప్పటికి పాతికేళ్ళు లేవు.

ఊగే ఓడలో అంత సన్నటి గీతలు ఎలా సాధ్యం?

చాలా పని ఓడ లంగరు వేసినప్పుడే జరిగేది. మిగతాది పెద్ద క్యాబిన్‌లోని బల్ల దగ్గర. ఒకే గదిలో మ్యాపుల పని, మొక్కల వర్ణనలు రాసే పని, బొమ్మల పని, వాటి మధ్యే చచ్చిన పక్షుల, చేపల వాసన. ఒడ్డున సుఖంగా ఉండేదా అంటే అదీ లేదు. తాహితిలో ఈగలు పడే బాధ గురించి బ్యాంక్స్ తన డైరీలో రాసుకున్నాడు: పార్కిన్‌సన్ రంగు వేస్తూంటే వేసింది వేసినట్టే ఈగలు కాగితం మీంచి తినేసేవట. బల్ల, కుర్చీ, చిత్రకారుడు, బొమ్మ అన్నిటికీ కలిపి దోమతెర కట్టారు, అదీ చాలక లోపల ఈగలు పట్టే ఏర్పాటు పెట్టారు.

1770లో ఆస్ట్రేలియా తూర్పు తీరం చేరాక అసలు టెన్షన్ మొదలైంది. బోటనీ బే దగ్గర యూరప్ ఎన్నడూ చూడని మొక్కలు కుప్పలుగా వచ్చిపడ్డాయి, అవి వాడిపోయేలోగా గీయాలి. సరిగ్గా 14 రోజుల్లో ఒక్క మనిషి 94 స్కెచ్‌లు గీశాడని బ్యాంక్స్ లెక్క రాశాడు. ఆ వేగం కోసం పార్కిన్‌సన్ పద్ధతి మార్చుకున్నాడు. మొక్క మొత్తం పెన్సిల్‌తో గీసి, ఒక ఆకుకీ ఒక పువ్వుకీ మాత్రమే రంగు వేసి, మిగతా రంగుల వివరాలు కాగితం మీద మాటల్లో రాసి, తర్వాత తీరిగ్గా పూర్తి చేద్దామని పక్కన పెట్టాడు. ఆ తీరిక ఆయనకి దొరకలేదు. అందుకే ఆస్ట్రేలియా మొక్కల స్కెచ్‌లలో చాలావాటికి ఒక మూల ఆకు పచ్చగా మెరుస్తూ ఉంటుంది, మిగతాదంతా ఖాళీ గీతలు. పూర్తయిన వాటికంటే నాకు ఇవే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే వీటిలో మనిషి తొందర, లెక్క, చేతి నేర్పు అన్నీ కనిపిస్తాయి.

ఇంటికొచ్చాక వేరేవాళ్ళు రంగులు వేస్తే వాటిని నమ్మేదెలా?

మంచి ప్రశ్న. బ్యాంక్స్ లండన్ చేరాక ఐదుగురు చిత్రకారుల్ని పెట్టి పార్కిన్‌సన్ స్కెచ్‌లని పూర్తి చేయించాడు. వాళ్ళ ముందున్నవి ఎండిన నమూనా, ఆ ఒక్క రంగు ఆకు, వెనకాల రాసిన నాలుగు మాటలు. బాగానే చేశారు, కానీ పార్కిన్‌సన్ పూర్తి చేసిన దానితో పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

ఈ సమస్యని పూర్తిగా గెలిచిన మనిషి ఫెర్డినాండ్ బావర్. ఆస్ట్రియా వాడు. 1801లో మాథ్యూ ఫ్లిండర్స్ నాయకత్వంలో ఇన్వెస్టిగేటర్ ఓడ ఎక్కి ఆస్ట్రేలియా వెళ్ళాడు, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఆయన జోడీ. బావర్ ఒడ్డున రంగులు ముట్టుకునేవాడే కాదు. పెన్సిల్‌తో గీసి, ప్రతి భాగం మీదా చిన్న చిన్న అంకెలు వేసేవాడు. ఒక్కో అంకె ఒక్కో ఛాయకి గుర్తు, ఆ అంకెలు వెయ్యి దాకా వెళ్తాయి. ఆకుపచ్చలోనే వందకి పైగా ఛాయలు. ఏళ్ళ తర్వాత లండన్‌లో కూర్చుని ఆ అంకెలు చూసుకుంటూ వాటర్ కలర్ వేస్తే, మొక్క అప్పుడే కోసుకొచ్చినట్టుండేది. అలా దాదాపు రెండు వేల స్కెచ్‌లు గీశాడు. కోఆలా, ప్లాటిపస్ బొమ్మలు కూడా ఉన్నాయి వాటిలో. నా లెక్కలో ఈ మొత్తం రంగంలో చెయ్యి, కన్ను, జ్ఞాపకం మూడూ ఆయన స్థాయిలో కలిసిన మనిషి ఇంకొకరు లేరు. కానీ 1813లో ఆయన సొంతంగా చెక్కి, రంగులేసి తెచ్చిన ఆస్ట్రేలియా మొక్కల పుస్తకం 15 పలకలతోనే (రాగి పలక మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు) ఆగిపోయింది, కొనేవాళ్ళు లేక. ఆ మరుసటి సంవత్సరం ఆస్ట్రియాకి వెళ్ళిపోయాడు.

పాత బొమ్మల్లో కంగారూ, ఖడ్గమృగం వింతగా ఎందుకుంటాయి? వాళ్ళకి గీయడం రాదా?

గీయడం బ్రహ్మాండంగా వచ్చు, చూడ్డానికి జంతువు దొరకలేదు. యూరప్ జనానికి కంగారూని పరిచయం చేసిన ప్రసిద్ధ చిత్రం జార్జ్ స్టబ్స్‌ది. గుర్రాల్ని గీయడంలో ఆయన్ని మించినవాడు అప్పట్లో ఇంగ్లండ్‌లో లేడు. కానీ 1772లో కంగారూ గీసేటప్పుడు ఆయన ముందున్నవి బ్యాంక్స్ తెచ్చిన తోలు, పార్కిన్‌సన్ పెన్సిల్ స్కెచ్‌లు, బ్యాంక్స్ నోటి మాట. అందుకే అది కొంచెం ఎలుకలా, కొంచెం జింకలా ఉంటుంది.

అంతకు ముందు 1515లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ చేసిన ఖడ్గమృగం చెక్క అచ్చు సంగతీ ఇంతే. ఆ జంతువు గుజరాత్ సుల్తాను ఇస్తే పోర్చుగీసు ఓడలో గోవా నుంచి లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని చూడనేలేదు. ఎవరో రాసిన ఉత్తరం, ఒక ముతక స్కెచ్ చూసి గీశాడు. ఒంటి మీద ఇనుప కవచం లాంటి పలకలు, వీపు మీద అదనంగా ఒక చిన్న కొమ్ము. అసలు జంతువు మరుసటి ఏడాది పోపుకి కానుకగా వెళ్తూ ఓడతో సహా మునిగిపోయింది, అచ్చు బొమ్మ మాత్రం రెండు శతాబ్దాలకి పైగా యూరప్‌లో ఖడ్గమృగం అంటే ఇదే అన్నట్టు చెలామణి అయింది.

ప్యారడైజ్ పక్షిది ఇంకో రకం కథ. న్యూ గినీ వైపు నుంచి వ్యాపారానికి వచ్చే తోళ్ళకి కాళ్ళు తీసేసేవారు. 1522లో, భూమిని చుట్టి వచ్చిన మాజెలాన్ బృందంలో మిగిలిన ఓడ తెచ్చిన తోళ్ళు చూసి, ఈ పక్షి నేల మీద వాలదు, గాల్లోనే బతుకుతుంది అని కథలు అల్లారు, అలాగే గీశారు. 1758లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కూడా కాళ్ళు లేనిది అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

ఈ పనిలో ఆడవాళ్ళు ఎవరూ లేరా?

ఉన్నారు, అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు మరియా సిబిల్లా మేరియన్. 1699లో, 52 ఏళ్ళ వయసులో, తన బొమ్మలు అమ్ముకుని డబ్బు కూడగట్టుకుని, కూతురు డొరొతియాని వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సూరినామ్ వెళ్ళింది. ఏ రాజూ పంపలేదు, ఏ నౌకాదళమూ జీతం ఇవ్వలేదు. పురుగు గుడ్డు నుంచి గొంగళి, గొంగళి నుంచి గూడు, గూడు నుంచి సీతాకోకచిలుక అయ్యే మార్పుని, అది తినే మొక్క మీదే పెట్టి ఒకే బొమ్మలో చూపించింది. అప్పటిదాకా పురుగుల్ని వరసలుగా గుచ్చినట్టు గీసేవాళ్ళు, ఫలానా పురుగు ఫలానా ఆకు తింటుందన్న సంగతి బొమ్మలోకి రావడం పెద్ద మార్పు. జబ్బు చేసి 1701లో వెనక్కి వచ్చి, 1705లో 60 పలకలతో పుస్తకం సొంతంగా అచ్చు వేయించింది.

జామ చెట్టు మీద సాలెపురుగు ఒక చిన్న పక్షిని పట్టి తింటున్న బొమ్మ అందులో ఉంది. తర్వాతి తరాల మగ శాస్త్రవేత్తలు దాన్ని కట్టుకథ అని కొట్టిపారేశారు, 19వ శతాబ్దంలో హెన్రీ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అమెజాన్‌లో అలాంటిదే కళ్ళారా చూసి రాసేదాకా ఆ మచ్చ పోలేదు. మన ఇళ్ళ ముందు పెంచుకునే రత్నగంధి మొక్క కూడా ఆమె గీసింది. దాని పక్కన రాసిన మాటలు చదవడం కష్టం: తోటల్లో బానిసలుగా ఉన్న స్త్రీలు తమ పిల్లలు కూడా బానిసలు కాకూడదని ఈ గింజలతో గర్భం పోగొట్టుకునేవారని, ఆ సంగతి వాళ్ళే తనకి చెప్పారని రాసింది. ఒక పువ్వు బొమ్మ పక్కన ఇంత నిజం రాసిన పుస్తకం ఆ కాలంలో ఇంకొకటి నాకు కనపడలేదు.

అంత కష్టపడి గీసిన ఎండెవర్ బొమ్మలు అప్పుడే పుస్తకంగా ఎందుకు రాలేదు?

బ్యాంక్స్ ప్రయత్నం లేక కాదు. 18 మంది చెక్కేవాళ్ళని పెట్టి, పన్నెండేళ్ళకి పైగా, 743 రాగి పలకలు చెక్కించాడు. ఖర్చు విపరీతం. మధ్యలో ఆయన లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి అధ్యక్షుడై వంద పనుల్లో మునిగిపోయాడు. 1782లో సొలాండర్ హఠాత్తుగా చనిపోయాడు, వర్ణనలు పూర్తి చేయాల్సింది ఆయనే. పలకలు అలా గుడ్డల్లో చుట్టి ఉండిపోయాయి. 1900 తర్వాత ఆస్ట్రేలియా మొక్కలు కొన్ని నలుపు తెలుపులో వచ్చాయి. అసలు పలకల నుంచి రంగుల్లో 738 చిత్రాలు అచ్చయింది 1980 నుంచి 1990 మధ్యలో, అదీ వంద సెట్లకి కాస్త అటూఇటూగా. ఒకే పలక మీద గుడ్డ ఉండలతో రంగులన్నీ అద్ది, ఒకేసారి కాగితం మీద నొక్కే పాత పద్ధతిలో వేశారు. పార్కిన్‌సన్ పోయి అప్పటికి రెండు వందల ఏళ్ళు దాటింది.

మన తెలుగు ప్రాంతానికి వీటితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చాలా దగ్గరి సంబంధం. ఎండెవర్ బ్యాంక్సే తర్వాత లండన్‌లో కూర్చుని ఇక్కడి బొమ్మల ప్రచురణని నడిపించాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాటిష్ వైద్యుడు 1780లలో సామర్లకోటలో ఉండేవాడు. స్థానిక చిత్రకారుల్ని పెట్టుకుని, చుట్టుపక్కల మొక్కల్ని పెద్ద పెద్ద కాగితాల మీద గీయించాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచినవి కోరమాండల్ తీరపు మొక్కలు అనే అర్థం వచ్చే పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా, మొత్తం 300 పలకలతో వచ్చాయి. రాక్స్‌బర్గ్ తర్వాత కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళి అక్కడా ఇదే పని కొనసాగించాడు, ఆయన గీయించిన వేల బొమ్మల్లో ఒక సెట్ కలకత్తాలో, ఒకటి లండన్ పక్కన క్యూ అనే చోటి వృక్షోద్యానంలో ఉన్నాయి.

విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ అనే ఇంకో వైద్యుడు పాముల మీద 1796లో, చేపల మీద 1803లో పుస్తకాలు వేశాడు. చేపల పుస్తకంలో రెండు వందల చేపలు, వాటికి మన జాలర్లు పిలిచే తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో వేశాడు. రక్తపింజరకి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే.

వీటిలో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. సామర్లకోటలో ఆ మొక్కల్ని గీసిన తెలుగు దేశపు చిత్రకారుల పేర్లు పుస్తకంలో లేవు. చెక్కిన ఇంగ్లీషు వాళ్ళ పేర్లు పలకల కింద ఉన్నాయి, గీసినవాళ్ళవి లేవు. ఆ బొమ్మల్లో ఆకు అంచుని ఒక్క ఊపులో తిప్పిన గీత, కాగితం నిండా మొక్కని పరిచిన పద్ధతి ఇక్కడి చేతులవే. ఎప్పుడైనా ఆ పలకలు చూస్తే రాక్స్‌బర్గ్‌తోపాటు వాళ్ళనీ తలుచుకోండి.

ఇదంతా వలస దోపిడీలో భాగమే కదా, ఇంత మురిసిపోవడం ఎందుకు?

భాగమే. ఏ మొక్క నుంచి రంగు వస్తుంది, ఏ చెట్టు కలప ఓడలకి పనికొస్తుంది, ఏ పంటని ఎక్కడికి తీసుకెళ్ళి నాటితే లాభం అన్న లెక్క ప్రతి యాత్ర వెనకా ఉంది. ఆ లెక్కని దాచి బొమ్మల్ని పొగడటం నాకు నచ్చదు. అలాగని బొమ్మల్ని పక్కన పడేస్తే నష్టపోయేది ఎవరు? పేరు లేకుండా పోయిన మన చిత్రకారులే మళ్ళీ నష్టపోతారు. ఎండెవర్ మీద తుపాయా అని తాహితి దగ్గరి రయాతియా ద్వీపపు పూజారి, గొప్ప నావికుడు ఉన్నాడు. న్యూజిలాండ్ స్థానికుడైన ఒక మావోరీ మనిషి బ్యాంక్స్‌కి పెద్ద రొయ్యలాంటి జీవిని ఇచ్చి బట్ట పుచ్చుకుంటున్న బొమ్మ ఒకటి ఎన్నో ఏళ్ళు ఎవరు గీశారో తెలియకుండా ఉండిపోయింది. 1990లలో బ్యాంక్స్ ఉత్తరం ఒకటి బయటపడ్డాక అది తుపాయా గీసిందని తేలింది. బొమ్మలు దాచి ఉంచారు కాబట్టే ఆయన పేరు తిరిగొచ్చింది.

స్పెయిన్ వాళ్ళ యాత్రల్లోనూ గీసినవాళ్ళు ఎక్కువమంది అమెరికాలోనే పుట్టినవాళ్ళు. ఇప్పటి కొలంబియాలో ముతిస్ అనే వృక్షశాస్త్రవేత్త 1783లో మొదలుపెట్టిన పనిలో ఆరు వేలకి పైగా బొమ్మలు తయారయ్యాయి, అవి మాడ్రిడ్ చేరాయి, ప్రచురణ మొదలైంది మాత్రం 1950లలో. మెక్సికో యాత్ర బొమ్మలైతే మొసీన్యో అనే శాస్త్రవేత్త ప్రవాసంలో వెంట మోసుకు తిరిగాడు. డి కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త చేతిలో పెట్టిన వాటిని 1817లో స్పెయిన్‌కి తిరిగి వెళ్తూ ఇమ్మని అడిగితే, జెనీవా ఊళ్ళో వందమందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్ళు, కొద్ది రోజుల్లోనే వెయ్యికి దగ్గరగా బొమ్మల్ని చూసి గీసి నకళ్ళు ఉంచుకున్నారు.

ఇప్పటి శాస్త్రానికి వీటితో పనుందా, లేక అందానికేనా?

పనుంది. కొన్ని జీవుల శాస్త్రీయ నామాలకి ఆధారం ఇప్పటికీ బొమ్మే, ఎందుకంటే నమూనా పోయింది లేదా ఎప్పుడూ లేదు. కుక్ రెండో యాత్రలో, 1772లో, తండ్రితోపాటు రిజల్యూషన్ ఓడ ఎక్కిన గియోర్గ్ ఫోర్‌స్టర్ వయసు 17. ఆ కుర్రాడు 1774లో రయాతియాలో గోరువంకల కుటుంబానికి చెందిన ఒక గోధుమరంగు పక్షిని గీశాడు. అదే ఏడాది ఇప్పటి వనువాటు దేశంలోని తన్నా దీవిలో ఒక పావురాన్ని గీశాడు. ఆ రెండు పక్షులూ మళ్ళీ ఎవరికీ కనపడలేదు. వాటి ఈకలు గానీ ఎముకలు గానీ ఎక్కడా లేవు. అవి ఈ భూమ్మీద ఉండేవి అనడానికి మిగిలినవి ఆ వాటర్ కలర్లు, తండ్రీకొడుకులు రాసుకున్న నాలుగు ముక్కలు. అప్పుల బాధ తట్టుకోలేక ఫోర్‌స్టర్‌లు ఆ బొమ్మల్ని బ్యాంక్స్‌కి అమ్ముకున్నారు, ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

ఫోటోలు వచ్చాక ఈ పని ఆగిపోయిందా?

లేదు. 1872 నుంచి 1876 దాకా సముద్రాల లోతుల్ని వెతికిన చాలెంజర్ ఓడలో కెమెరా ఉంది, చిత్రకారుడు కూడా ఉన్నాడు. ఫోటో ఒక్క మొక్కనే చూపిస్తుంది, అది పురుగు తిన్నదైతే పురుగు తిన్నట్టే వస్తుంది. చిత్రకారుడు పది మొక్కలు చూసి, మొగ్గ, పువ్వు, కాయ, కోసిన గింజ అన్నీ ఒకే కాగితం మీద పెట్టగలడు. కొత్త జాతిని ప్రకటించేటప్పుడు ఇవాళ్టికీ గీతల బొమ్మ వేసేది అందుకే.

ఇవి ఎక్కడ చూడొచ్చు? ఒకటి కొనుక్కోవాలంటే?

ఉచితంగా చూడాలంటే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌కి వెళ్ళండి. రాక్స్‌బర్గ్, రసెల్, మేరియన్ పుస్తకాలు పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టారు, ఎంత దగ్గరికి జూమ్ చేసినా స్పష్టంగా ఉంటాయి. ఎండెవర్ బొమ్మలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం సైట్‌లో ఉన్నాయి.

కొనే విషయంలో జాగ్రత్త. ఒరిజినల్ అని అమ్మేవాటిలో చాలా భాగం ఈమధ్య అచ్చేసిన కాపీలే. ఒక భూతద్దం పట్టుకెళ్ళండి. రంగు దగ్గర చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపిస్తే అది ఆధునిక ముద్రణ. రాగి పలక నుంచి తీసిందైతే గీతలు విడివిడిగా ఉంటాయి, వేలితో మెల్లగా తడిమితే సిరా కాస్త ఉబ్బెత్తుగా తగలొచ్చు, అంచులు కత్తిరించకపోతే బొమ్మ చుట్టూ పలక నొక్కుకున్న గుంట గీత కనిపిస్తుంది. చేత్తో వేసిన రంగు అక్కడక్కడ గీత దాటి ఉంటుంది. నిజంగా పాతదే అని తేలినా ఒకసారి ఆలోచించండి, విడి పలకలు చాలావరకు పాత పుస్తకాల్ని చింపి అమ్మినవి. ఇంట్లో గోడకి పెట్టుకోవడానికైతే స్కాన్ నుంచి మంచి కాగితం మీద ప్రింట్ తీయించుకుంటే సరిపోతుంది, ఫ్రేమ్ కట్టించేటప్పుడు కింద గీసినవాళ్ళ పేరు, సంవత్సరం, చోటు రాయించండి. సామర్లకోట బొమ్మ అయితే సామర్లకోట చిత్రకారుడు అని రాయించండి.